మొలతాట్లో ఉండిపోయిన బీగంచెవి

తాడిపత్రి, 12-6-2001

పెన్నోబులన్నకు తమ్ముడు ఎర్రిస్వామి రాసేది. బాగా చేరినా.

నాయనను మొలతాడు తెంచకుండానే పూడ్చినామని, దానికి కట్టుకున్న వ్యాను బీగంచెవి కోసరం గుంత తవ్వుతానంటివే, తవ్వొద్దన్నా. వ్యాను బండల ఫ్యాక్టరీ కాడ ఆయన నిలబెట్టినట్లే ఉండాది. మెకానిక్ మస్తాన్ చూసి, బీగం అరిగి శానా ఏండ్లయింది, ఏ చెవి పెట్టినా తిరుగుతాదన్న్యాడు. పొరపాటున నా జేబులో వచ్చిన అమ్మ ట్రంకుపెట్టె చెవి పెట్టి తిప్పితే స్టార్టయింది. నా చేతికి తప్ప తిరగదురా అని నాయన మనల్ని ముట్టనియ్యలేదు కదా. స్టీరింగు మింద తల పెట్టి ఏడ్చినా.

పెట్టె పగలగొట్టొద్దు, చెవి శనివారం తెస్తా. ఎద్దులకు సొప్ప ఉండాదా? అమ్మకు నా మొక్కు చెప్పు, బీగం సంగతి మాత్రం చెప్పొద్దు. బండి నాయన చెయ్యి మాటే వింటాదని ఇంకా అందరికీ చెప్పుకుంటాంది.