ఒక లాగుడుకి ఒక పని

అల్ నహ్దా, షార్జా
గురువారం

రాస్ అల్ ఖైమా కొండలన్నిటినీ కంకర చేసి లారీలకెక్కిస్తున్న మా మల్లికార్జునరావు బాబాయికి తన్మయి నమస్కారాలు.

వారానికో ఉత్తరం తెలుగులో రాయకపోతే భాష మర్చిపోతానని మీరు పెట్టిన రూలు ప్రకారం ఇది ఈ వారం ఉత్తరం. మీ క్వారీకి స్పేర్ పార్టుల కోసం షార్జా వచ్చిన డ్రైవర్ వెంకట్రాములు కింద హారన్ కొడుతున్నాడు. అందుకని సూటిగా సంగతికొస్తాను.

'ఏది కొనాలి, ఎలా ఎంచుకోవాలి' అని వెబ్‌సైట్లకి వ్యాసాలు రాయడం నా ఉద్యోగమని మీకు తెలుసు. ఇప్పటిదాకా స్కూలు సంచీలు, చేపల తొట్లు, దోమతెరలు రాశాను. ఈసారి మా ముదీర్, అదే మా మేనేజరు, అజ్మతుల్లా గారు ఒక అమెరికా కస్టమరు పని అప్పగించారు. అక్కడ గురి పోటీలకెళ్ళేవాళ్ళు పేలిన తూటాల ఇత్తడి గొట్టాల్ని పారెయ్యరట. ఇంట్లోనే మళ్ళీ నింపుకుంటారట, మనం గోలీసోడా సీసాలు నింపుకున్నట్టు. దానికో చేతి ప్రెస్సుంటుంది, పిడి ఒకసారి లాగితే ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్సని. అది ఎలా ఎంచుకోవాలో నేను రాయాలి. దీపావళి రీలు తుపాకీ తప్ప ఇంకో తుపాకీ పట్టుకుని ఎరగని నేను!

"కస్టమరుకి నచ్చితే నీ ప్రొబేషన్ ఖలాస్. నచ్చకపోతే నువ్వు ఖలాస్" అన్నారు ముదీర్. నేను ఖలాసయితే తెనాలిలో నాన్న బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటరువాడితో మాట్లాడి ఉంచారు. నాకు ఆ బెంచీ మీద కూర్చోవాలని లేదు బాబాయ్.

మీరు క్వారీ స్టోర్సు ఇన్‌చార్జి. ఇనుము మీకు చుట్టం. ఇంట్లో తూటాలు నింపుకునే ప్రెస్సు కొనాలంటే ఏమేం చూడాలి?

మీ జవాబు మీద బతకబోయే
తన్మయి

తా.క. పిన్ని పంపిన గోంగూర అయిపోయింది. సీసా కడిగి పంపుతున్నాను. మా ఇంట్లో రీలోడింగు అంటే ఇంతే.


రాస్ అల్ ఖైమా
ఆదివారం

చి. తన్మయికి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని దీవిస్తూ బాబాయి రాయునది.

నీ ఉత్తరం స్టోర్సు గదికి గడియ పెట్టుకుని చదివాను. 'ఇంట్లో', 'తూటాలు', 'నింపుకునే'. మూడూ ఒకే వాక్యంలో! ఇక్కడ కొండ పేల్చే రోజున వైరు ముక్క కదలాలన్నా పోలీసు నిలబడి చూడాలి. ఆయనున్నంతసేపూ నేను జేబులో అగ్గిపెట్టె కూడా పెట్టుకోను.

వ్యాసం అంటున్నావు. ఏ ఆఫీసులో అయినా స్కూలు సంచీ తర్వాత తూటా ఇస్తారా? నీ వెనక ఎవడో ఉన్నాడు. ఆ కుర్రాడి పేరు చెప్పు. మీ నాన్నకి చెప్పను. అంటే, వెంటనే చెప్పను.

ఫోన్లో ఈ మాట ఎత్తకు. ఎత్తావంటే నేను వాతావరణం గురించి మాట్లాడతాను, అర్థం చేసుకో. ఈ విషయంలో నీకు ఎవరూ ఏ సాయమూ చెయ్యకూడదని మీ పిన్నికి కూడా గట్టిగా చెప్పాను. సుభద్ర తలూపింది.

నిద్ర మానేసి నీ మేలు కోరుతున్న
బాబాయి

తా.క. ఇది చదివి చించెయ్. ముక్కలన్నీ ఒకే చెత్తబుట్టలో వెయ్యకు.

మళ్ళీ తా.క. సీసా అందింది. మూత మాది కాదు.


అల్ నహ్దా
గురువారం

అనుమానాల క్వారీకి కూడా ఇన్‌చార్జి అయిన బాబాయికి నమస్కారాలు.

కుర్రాడు లేడు. ఉంటే ఈ వ్యాసం వాడిచేతే రాయించేదాన్ని. మొన్న ఫోన్ చేసి "బాబాయ్, ఆ విషయం..." అనగానే "ఇవాళ తేమ ఎక్కువగా ఉందమ్మా" అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే "దుమ్ము" అన్నారు. ఆ ఒక్క మాటే.

పోనీలెండి, నా కష్టం సగం గట్టెక్కింది. ఎవరని అడక్కండి, ఒట్టు వేశాను. ఒక పుణ్యాత్మురాలు అచ్చం అలాంటి మిషనే నాకు పంపింది. ఇనుప చట్రం, మధ్యలో దిగే కడ్డీ, పక్కన పొడుగాటి పిడి. వంటింటి గట్టుకి బోల్టులతో బిగించేశాను. పిడి లాగినప్పుడు చేతికి ఎదురొచ్చే బలం ఉంది చూశారూ, అది ఎన్ని వెబ్‌సైట్లు చదివినా తెలియదు. నేను లాగాను, నా రూమ్మేటు అయేషా మిగతాది చూసుకుంది. తయారైన సరుకంతా పొద్దున్నే వాళ్ళాఫీసుకి పట్టుకెళ్ళి పంచేసింది. ఇంకా కావాలని వెంటపడుతున్నారట.

ఒక్కచోట మాత్రం పెన్ను ఆగిపోయింది. ఒక లాగుడుకి నాలుగు పనులు చేసే ప్రెస్సులు బజార్లో ఉండగా, ఒక లాగుడుకి ఒక పనే చేసేదాన్ని మనిషి ఎందుకు కొనుక్కోవాలి? ఇది చెప్పలేకపోతే వ్యాసమే లేదు. నాకు తెనాలి బెంచీయే గతి.

జవాబుకి బదులు వాతావరణం పంపవద్దని వేడుకుంటూ
తన్మయి

తా.క. గట్టు అదిరిపోతోందని కింది ఫ్లాటు సీతాదేవి గారు వాచ్‌మన్‌కి ఫిర్యాదు చేశారు. ఆవిడకీ ఒక పొట్లం ఇచ్చాను. ఇక నోరు మెదపరు.


రాస్ అల్ ఖైమా
శుక్రవారం

చి. తన్మయీ, ముందు మంచినీళ్ళు తాగి ఇది చదువు. నేను తాగే రాస్తున్నాను.

'సరుకు'. 'పంచేసింది'. 'నోరు మెదపరు'. ఏమిటమ్మా ఈ భాష! నిన్ను తెలుగు మర్చిపోవద్దన్నాను గానీ ఇలాంటి తెలుగు నేర్చుకోమన్నానా?

రేపు వెంకట్రాములు వస్తాడు. ఆ మిషన్ని మూటకట్టి వాడి చేతికిచ్చెయ్. నేను విప్పి చూడను, నిన్నేమీ అడగను. తిన్నగా మా క్రషర్లో వేస్తాను. కొండల్ని నమిలే దవడకి అదొక లెక్కా! మూటకని మీ పిన్ని నా పచ్చలుంగీ వాడికిచ్చింది. ఎందుకని ఒక్క ప్రశ్న వెయ్యలేదు, పిచ్చిది.

నీ ప్రశ్నకి జవాబు రాయకూడదు. కానీ ఇనుము గురించి అడిగితే ఊరుకోవడం నావల్ల కాదు. ఒక లాగుడుకి నాలుగు పనులు జరిగేచోట ఒకటి తప్పితే మిగతా మూడూ దాన్ని కప్పేస్తాయి. ఒక లాగుడుకి ఒక పనైతే తప్పు అక్కడికక్కడే చేతికి తెలుస్తుంది. కొత్తవాడికి ఆ నెమ్మదే గురువు. చట్రం ముందువైపు తెరిచి ఉంటే చెయ్యి పెట్టడానికి వీలే గానీ, బలం పడ్డప్పుడు కాస్త నోరు తెరుస్తుంది. చుట్టూ మూసిన చట్రం తెరవదు. మా వర్క్‌షాపులో బుష్షులు నొక్కే ప్రెస్సు అలాంటిదే, నేను ఈ దేశం వచ్చినప్పటినుంచీ ఒక్క రోజు అలగలేదు. పిడి రెండోవైపుకి మారుతుందో లేదో చూడు, నీది ఎడమచేతివాటం. రంగు చూసి కొనకు. బల్ల ఊగితే ఎంత గొప్ప ప్రెస్సయినా దండగ.

ఇదంతా లోకానికి తెలిసిందే. నేనేమీ చెప్పలేదు.

ఇట్లు
ఎవరో ఒకరు

తా.క. రాత పట్టుబడకుండా ఎడమచేత్తో రాశాను. అర్థం కాకపోతే వెంకట్రాముల్ని అడుగు, వాడికి మొత్తం చదివి వినిపించాను.


అల్ నహ్దా
శనివారం

సవ్యసాచి అయిన బాబాయికి,

పచ్చలుంగీ మూట వెంకట్రాములు తెస్తున్నాడు. విప్పకండి, విప్పితే మీ మనసు మారిపోతుంది.

వ్యాసం ఇవాళ పంపేశాను. ఇక అమెరికాలో తెల్లవారాలి.

గోళ్ళు కొరుక్కుంటూ
తన్మయి

తా.క. వెంకట్రాములు మా ఇంట్లో టీ తాగుతూ "సార్ జెప్పినట్టు జెయ్యాల్నా, అమ్మ జెప్పినట్టు జెయ్యాల్నా? ఇద్దరి నడుమ నేను గా క్రషర్ల పడ్డట్టున్న" అన్నాడు. ఏమిటని అడిగితే ఇంకో టీ అడిగాడు.


రాస్ అల్ ఖైమా
మంగళవారం

చి. తన్మయికి, ఎన్నాళ్ళకో కడుపునిండా నిద్రపోయిన బాబాయి ఆశీస్సులు.

పని అయిపోయింది. మూట చేతిలోకి తీసుకున్నాను. లుంగీలోంచి పిడి తగిలింది. బరువు. కింద నున్నగా, చల్లగా, ముందు మొనదేలిన ముక్కు. నేరం అంటే ఇలాగే ఉంటుందనుకున్నాను. "సార్, ఒక్కపారి ఇప్పి సూడుండ్రి" అన్నాడు వెంకట్రాములు. "యల్లా, వెయ్" అన్నాను. ఫటేల్‌మని ఒకటే చప్పుడు. తర్వాత దవడ కాసేపు మూలిగింది. ఏమైందని ఫోర్‌మన్ అడిగితే, ఈ కొండలో రాయి గట్టిదన్నాను.

అరిచాను గానీ, నిన్నటినుంచీ ఒకటే ఆలోచన. ఒకవేళ అది నిజంగా వ్యాసమేనా? కస్టమరు ఏమన్నాడు? ఒకవేళ కాదంటే నువ్వు తెనాలి టికెట్ కొనకు. ముందు మా ఇంటికి రా. ఇక్కడ ఒక గది ఖాళీగానే ఉంది, ఇంకో ఉద్యోగం వెతుకుదాం. మీ నాన్నతో నేను మాట్లాడతాను, వాతావరణం ఊసెత్తకుండా.

నీ పక్షాన ఉన్న
బాబాయి

తా.క. నా ఇస్త్రీపెట్టె కనపడ్డం లేదు. గల్ఫులో మొదటి జీతంతో కొన్నది. ఇరవై ఏళ్ళుగా షాకు కొడుతోందని మీ పిన్నికి దానంటే పడదు. అయినా పాపం, నాతోపాటు మంచాల కింద కూడా ఎంత ఓపిగ్గా వెతుకుతోందో! ఇన్నేళ్ళ కాపురంలో ఇంత ప్రేమ ఎప్పుడూ చూళ్ళేదు.


అల్ నహ్దా
గురువారం

నలిగిన చొక్కాతో ఈ ఉత్తరం చదువుతున్న మా బాబాయికి తన్మయి సాష్టాంగ నమస్కారాలు. కుర్చీలో కూర్చునే చదవండి.

ఉద్యోగం పక్కా అయింది! ఇంతకుముందు ముగ్గురు రాసిన వ్యాసాల్ని ఆ అమెరికా ఆయన తిప్పికొట్టాడట. నాది చదివి, "ఇది రాసినవాళ్ళు ఇనుము మీద చెయ్యి వేసినవాళ్ళు" అని ముదీర్‌కి రాశాడు. ఆయన కింద గీత గీసిన పేరా ఏదో తెలుసా? మీరు ఎడమచేత్తో రాసింది. ఇంగ్లీషులో పెట్టాను, అంతే. నా బతుకు నిలబడింది మీ మాట మీద బాబాయ్.

ఇప్పుడు రెండో సంగతి. ఆ పుణ్యాత్మురాలు మా పిన్ని. ఆ మిషన్ మీ మామగారు తెనాలి లేతు షాపులో కూతురికోసం చేయించిన జంతికల మిషన్. ఒక బిళ్ళ పెడితే జంతికలు, బిళ్ళ మారిస్తే కారప్పూస, ఎప్పటికప్పుడు ఒకటే. అమెరికావాళ్ళూ అచ్చులు మార్చుకుంటూ ఇలాగే ఒక్కో పని చేసుకుంటారు. అయేషా పంచిన సరుకు జంతికలు. సీతాదేవి గారి నోరు మూయించింది కారప్పూస. అది ఇప్పటికీ నా వంటింటి గట్టు మీదే క్షేమంగా ఉంది.

ఎలాగంటే, దాన్ని మొదట ఇక్కడికి మోసుకొచ్చింది మీ వెంకట్రాములే. మీరు మళ్ళీ తెమ్మనగానే పిన్ని దగ్గరికి పరిగెత్తాడు. "అమ్మా, మీ మిషన్ను సార్ నుగ్గునుగ్గు జేస్తడంట!" పిన్ని ఏమాత్రం తొణకలేదట. "మీ సారుకి కావలసింది మూటేగా" అని, మీ పచ్చలుంగీలో ఇంకోటేదో మూటకట్టి, షార్జాకి తీసుకెళ్ళి తీసుకొచ్చి మీకివ్వమంది. మొనదేలిన ముక్కు, పిడి, నున్నటి అడుగు. మీకు ఇంకా వెలగలేదా బాబాయ్?

పిన్ని మీద కోప్పడకండి. మీ మాట ఆవిడ అక్షరాలా పాటించింది. నేనడిగితే సాయం చెయ్యలేదు, అడక్కముందే చేసింది.

వెంకట్రాములు చేతికి జంతికల డబ్బా, కొత్త ఇస్త్రీపెట్టె ఇచ్చి పంపుతున్నాను. షాకు కొట్టదు. ఒకసారికి ఒక చొక్కాయే చేస్తుంది.

మీ ఎడమచేతి శిష్యురాలు
తన్మయి

తా.క. వ్యాసంతోపాటు మన మిషన్ ఫోటో కూడా వేశారు. ఈ మోడల్ ఎక్కడ దొరుకుతుందని అమెరికా నుంచి ఒకటే ఉత్తరాలట. ముదీర్ నన్నడిగితే ఏం చెప్పాలో తోచక వాతావరణం గురించి మాట్లాడాను.