మోతికి ఎముకలు, మీకు గారెలు

ఏమండీ, దండాలు. మీరు పోయి నాలుగో నెల నడుస్తోంది. అక్కడ కాళ్ళ నొప్పులు తగ్గాయా? చలిగా ఉంటుందా? మఫ్లరు పెట్టి పంపాల్సింది... ఆ రోజు ఎవరికీ తోచలేదు.

మేము బాగానే ఉన్నాము. దుకాణం మన పెద్దోడు చూసుకుంటున్నాడు. నా ఫికరంతా మీ కుక్కతోనే.

మీరు పోయినప్పటి నుంచి మోతి పెరుగన్నం సరిగ్గా ముట్టలేదు. వీధి తలుపు వైపు చూస్తూ పడుకునేది. బజారంతా వచ్చి చూసింది. ఎంత విశ్వాసం, ఎంత విశ్వాసం అని ఒకటే మాట. కుక్కకున్నపాటి ప్రేమ పెళ్ళానికి లేదంటారేమోనని నేనూ రాత్రి అన్నం మానేశాను.

దానికి తోడు, మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు మీ విస్తరి కాకి ముట్టలేదు. గోడ మీద కూర్చుంది, చూసింది, పోయింది. మీకేదో కోరిక మిగిలిందన్నారు. దుకాణం అమ్మనని పెద్దోడు మొక్కాడు. బీపీ గోళీలు వేళకు వేసుకుంటానని నేను మొక్కాను. అయినా రాలేదు. తర్వాత మాసికాలకూ అంతే. ఏం కావాలండీ మీకు?

ఇంతలో మోతికి కాళ్ళు వణకడం మొదలైంది. రిక్షాలో పశువుల దవాఖానకు తీసుకుపోయాను. ఇన్నాళ్ళు ఏం తిన్నదని డాక్టరు అడిగితే పెరుగన్నమన్నాను. నోరు తెరిచి చూసి, ఇవి ఎముకలు కొరికిన పళ్ళన్నాడు. పచ్చి ఎముకలో సున్నం ఉంటుందట, మూలుగలో బలం ఉంటుందట, కొరికితే పళ్ళ గార పోతుందట. నేను చెవులు మూసుకున్నాను. మనది కోడిగుడ్డు గడప దాటని ఇల్లు కదా!

తిరిగి వస్తుంటే, నిలబడలేని ఆ కుక్క రిక్షాలోంచి ఒక్క దూకు దూకి మటన్ కొట్టు ముందు పోయి కూర్చుంది. కొట్టతను అడగకుండానే ఎముక విసిరాడు. సేఠు ఎందుకు రావట్లేదని నన్నే అడిగాడు.

ఆదివారం పూట మీరేమనేవారు? "మోతిగాన్ని గుడి దాక తిప్పుకొస్తనే, నువ్వు ఫికర్ జెయ్యకు." వచ్చీ రాగానే తలస్నానం చేస్తుంటే భక్తి అనుకున్నాను. అయితే మోతి బెంగంతా ఎముక మీదేనా? నేను ఊరికే పస్తులున్నానా?

కోపం తగ్గాక భయం పట్టుకుంది. పచ్చిది తింటే కడుపులో పురుగులు పడవా? వేరే గిన్నెలో పసుపు వేసి ఉడకబెట్టనా అని మళ్ళీ దవాఖానకు పోయి అడిగాను. ఉడికితే పెళుసై, చీలి గొంతులో గుచ్చుకుంటుందట. పచ్చిదే పెట్టాలట, అదీ మింగలేనంత పెద్దది, దగ్గర కూర్చుని. రోజూ పెడితే మలబద్ధకమట. "నీకు ఫికరు లేకుంటే, ఎందుకు లేదని ఫికర్ జేస్తవ్" అనేవారు మీరు...

మొన్న మాసికానికి మళ్ళీ గోడ మీద విస్తరి పెట్టాము. కాకి వచ్చి అటు తిరిగి కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మోతికి ప్రతి ఆదివారం పచ్చి ఎముక పెట్టిస్తానని మొక్కాను. టక్కున దిగింది! గారెలతో సహా అంతా ఊడ్చింది. ఏం మొక్కావమ్మా అని అందరూ అడిగితే కాశీకి పోతానన్నానని చెప్పాను. ఇప్పుడు పెద్దోడు రైలు సంగతి కనుక్కుంటున్నాడు... అదొక ఫికరు.

ఆదివారం మోతిని నేనే తీసుకుపోతున్నాను. ధర్మసాగర్ చెరువు నీళ్ళు నల్లాకు రోజు విడిచి రోజు వస్తున్నాయి, అందుకని తలస్నానానికి శనివారమే కాగు నింపి పెడుతున్నాను. అది కొరుకుతుంటే పక్కన కూర్చుని ఆంజనేయ దండకం చదువుతాను. కాళ్ళ వణుకు తగ్గింది. పెరుగన్నమూ తింటోంది.

ఒక్కటే నిద్ర పట్టనివ్వడం లేదు. ఆ మటన్ కొట్టు పక్కన కబాబుల బండి ఉంది. బండి అతను నన్ను చూసి నవ్వుతూ దండం పెడతాడు. నాకెందుకండీ పెడతాడు? ఆదివారం గుడి నుంచి వచ్చాక మీరు అన్నం తినేవారు కాదు. "ఆకలైతలేదే, జర మజ్జిగ పొయ్యి, సాలు." ఎందుకు ఆకలయ్యేది కాదు?

ఆ బండి అతన్నే అడుగుదామని నోటి దాకా వస్తుంది. వద్దులెండి...

నేనున్నన్నాళ్ళూ మోతికి ఎముక తప్పదు. మీ విస్తట్లో మాత్రం గారెలే. కాకి అటు తిరిగి కూర్చున్నా సరే, గారెలే.

మీ రాజమ్మ