తిరిగొచ్చిన పట్టీల జత

బావమరిది గారికి,

గారు అన్నానని కంగారుపడకు, కోపంతోనే అన్నాను. కొట్లో బేరం లేదు, గబగబా టైపు కొడుతున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

పటాలం గేటు ముందు ఈ బ్యాడ్జీల కొట్టు పెట్టి పద్దెనిమిదేళ్లు. ప్రమోషన్ల జాబితా గోడకెక్కక ముందే ఆఫీసు గుమాస్తా చొక్కా చేతులకి కుట్టే హోదా పట్టీలు తీసుకెళ్తాడు కదా. ఈసారి సార్జెంట్లకిచ్చే మూడు పట్టీలవి పదకొండు జతలు పట్టుకెళ్లాడు. నేను సీనియారిటీ లెక్కేసి, పదకొండోవాడివి నువ్వేనని మీ అక్కతో అనేశాను. ఆవిడ వీధంతా చెప్పేసింది. నా నోటికి తాళం లేదన్నది నీకు కొత్తేం కాదు.

తీరా జాబితాలో పదిమందే. మర్నాడు గుమాస్తా ఒక జత తిరిగిచ్చేసి, “మీ బావమరిది వద్దని రాసిచ్చాడండీ. మీకు చెప్పలేదా?” అన్నాడు. నువ్వేమో సరిహద్దు నుంచి అక్కకి ‘ప్రమోషన్ ఈసారీ రాలేదు’ అని రాశావు. నీకు అన్యాయం జరిగిందని ఆవిడ సరిగ్గా తినడం మానేసింది. సోమవారం పెద్దాఫీసరు దగ్గరికెళ్లి నిలదీస్తానంటోంది. వెళ్తే నీ సంతకమున్న కాగితం తీసి చూపిస్తారు. తమ్ముడు అబద్ధమాడాడని పరాయివాడి నోట వినాలి పాపం. ఈలోపు నిజం చెప్పు, నాకైనా సరే. ఈ సంగతి మీ అక్క దగ్గర దాచి, సొంతింట్లో దొంగలా తిరగలేక అలిసిపోయాన్రా.

మీ బావ

ఒరే నాయనా,

నీ జవాబు మూడుసార్లు చదివాను. పోయిన నెల మీ సార్జెంటు సెలవులో ఉంటే, కాపలాకి వెళ్లాల్సినవాళ్ల పేర్లు ఆ పూట నువ్వే చదివావనీ, వెళ్లినవాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదనీ ఇన్నాళ్లూ లోపలే దాచుకున్నావా. ‘మూడో పట్టీ అంటే రోజూ ఆ పేర్లు చదవడమే బావా, నాకు చేతకాదు’ అని రాశావు. నేనేమో నీది బద్ధకమనుకున్నాను. ఏమీ అనుకోకు.

ఆదివారం మీ అక్కకి చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నా, ఏడవలేదు. ఒకటే అడిగింది. “ఆ ఇద్దరి అమ్మలకి మనవాడేమైనా రాశాడా?”

ఇవాళ సోమవారమైనా ఆవిడ ఆఫీసరు దగ్గరికి వెళ్లలేదు. కొట్టుకి ఆ పదిమందిలో ఒకాయన కొత్త పట్టీలు కుట్టించుకోడానికి చొక్కా పట్టుకొచ్చాడు. కుట్టి చేతికిస్తూ ‘నాలుగో పట్టీ కూడా మన దగ్గరే సారూ’ అనడం నాకు అలవాటు. ఇవాళ ‘జాగ్రత్త సారూ’ అన్నాను. ఆయనా నవ్వలేదు.

ఆ రెండిళ్ల చిరునామాలు వెంటనే పంపు. నీకు చేతకాకపోతే తనే రాస్తానని మీ అక్క పొద్దుట్నుంచి కాగితం ముందు కూర్చుంది. ఇప్పటికి ‘అమ్మా’ అని మాత్రం రాసింది.

నీ మీద కోపం పోయిన
బావ