పేరు రాయని కానుకలు

ఆగస్టు 3, ఆదివారం

నా దువాన్ పోయి ఐదు నెలలు. బొగోటా రోడ్డు మీద, పొగమంచులో బైకు జారింది. ఇవాళ వాడి పూలతోట యూనిఫాం మడతపెట్టాను. విప్పి మళ్లీ మడతపెట్టాను. రబ్బరు బూట్లు వాకిట్లోనే ఉన్నాయి. తీయలేను.

బిస్కెట్ల డబ్బా వాడి ఫొటో పక్కన పెట్టాను. ఏటా సెప్టెంబరులో తోటలో చీట్లు తీస్తారు. ఎవరి చీటీ వస్తే వాళ్లకి రహస్య నేస్తం. పేరు చెప్పకుండా లాకరులో మిఠాయిలు, చిన్న చిన్న కానుకలు పెట్టాలి. మావాడి నేస్తం మూడేళ్లూ ధారాళంగా ఇచ్చాడు. లిప్‌స్టిక్, రిబ్బన్లు, గౌను తొడిగిన బొమ్మ, అన్నీ ఈ డబ్బాలోనే దాచాను. ఆడవాళ్ల వస్తువులేమిట్రా అంటే, నీకోసమేనమ్మా, మా నేస్తానికి నువ్వంటే ఇష్టం అనేవాడు.

ఆగస్టు 9

హెయ్నర్ వచ్చాడు. దువాన్‌తో పాటు గులాబీలు కోసేవాడు. కాఫీ తాగుతూ డబ్బా చూశాడు. కప్పు కింద పెట్టేశాడు. దోన్యా ఒబ్దూలియా అమ్మగారూ, ఇవి కానుకలు కావండీ అన్నాడు.

సూపర్‌వైజరు రింకోన్, ఇంకో నలుగురు వీటిని ఏడాది పొడుగునా లాకరులో పడేసేవారట. మగాణ్ణి ప్రేమించే మగాడికి ఇంకేం కావాలి అని నవ్వేవారట. మావాడు ప్రేమించిన ఆ మగాడు హెయ్నరే. నాలుగేళ్లు.

నాకు తెలుసు. తెలియనట్టు ఉండేదాన్ని. వాడూ చెప్పినట్టూ చెప్పనట్టూ ఉండేవాడు. అలా నెట్టుకొచ్చాం ఇద్దరం.

ఇప్పుడు హెయ్నర్ లాకరులో, మొగుడు పోయినవాళ్లు వేసుకునే నల్లముసుగు పెట్టారట. ఏమే ముండమోపీ, మొగుడి దినం అయిందా అంటున్నారట. ఈ నెలాఖరుకి రాజీనామా ఇవ్వమని కాగితం కూడా చేతిలో పెట్టారు.

ఆగస్టు 10

నిరుడు ఓ ఆదివారం ఆ లిప్‌స్టిక్ పూసుకుని చర్చికి వెళ్లాను. దువాన్ చూసి, బాగుందమ్మా అన్నాడు.

ఆగస్టు 14

యూనియన్ ఆఫీసులో నేనూ హెయ్నరూ లాయరమ్మ నూబియాని కలిశాం. ముందు కంపెనీ కమిటీకి ఫిర్యాదు రాయాలట. అక్కడ తేలకపోతే లేబర్ ఇన్‌స్పెక్టరు, ఆ తర్వాత జడ్జి. రాజీనామా మీద మాత్రం సంతకం పెట్టకు నాయనా, నీ చేత్తో నువ్వే గోతిలో పడకు అంది. ఫిర్యాదు చేసినందుకు ఆరు నెలల లోపు పనిలోంచి తీసేస్తే ఆ తీసివేత చెల్లదట. సాక్ష్యం చెప్పినవాళ్లకీ అంతే.

పేరు లేకుండా రాయొచ్చా అని అడిగాను. పేరు లేకుండా రాళ్లేసేది వాళ్లు తల్లీ, మనం సంతకం పెడదాం అంది. హెయ్నర్ ఒక్కడే చెబితే సరదాకి అన్నామంటారు, మూడేళ్ల డబ్బా చూశాక ఆ మాట అనలేరు అంది.

ఆగస్టు 17

కూతురు యోలిమా వచ్చి గొడవ. పోయినవాణ్ణి బజారుకి ఈడుస్తావా, మా అత్తగారికి నా మొహం ఎలా చూపించను అంది. నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. బతికున్నప్పుడే ఈడ్చారు కదే అన్నాను. కాసేపు గోడకి ఆనుకుని నిలబడింది. తర్వాత ఇంకో కత్తి తెచ్చుకుని పక్కన కూర్చుంది.

ఆగస్టు 21, పొద్దున్న ఐదు

నేను చదివింది మూడో తరగతి. ఫిర్యాదు రాస్తూ నాలుగు కాగితాలు చించాను. దువాన్ నా కొడుకు, హెయ్నర్ వాడి తోడు. ఈ ఒక్క ముక్క రాయడానికి గంట పట్టింది. కింద సంతకం పెట్టడానికి క్షణం పట్టలేదు.

సెప్టెంబరు 4

కమిటీ ముందు రింకోన్ నవ్వాడు. అయ్యో అమ్మగారూ, ఇక్కడ మేమంతా ఒక కుటుంబం, అవన్నీ సరదాకి అన్నాడు.

లిప్‌స్టిక్ మూత తీసి బల్ల మీద పెట్టాను. సగం అరిగిపోయింది. కానుక అనుకుని పూసుకున్నానయ్యా, మీ సరదా పెదాలకి పూసుకుని ప్రభువు ముందు మోకరిల్లాను అన్నాను. ఎవరూ నవ్వలేదు. రాసుకునే ఆవిడ రాయడం ఆపేసింది.

తీర్పేమీ చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు దగ్గరికీ పోదాం అంది నూబియా. హెయ్నర్ రాజీనామా కాగితాన్ని సంతకం లేకుండానే తిరిగిచ్చేశాడు. రేపు డ్యూటీకి వెళ్తాడు.

సెప్టెంబరు 20, శనివారం

తోటలో ఇవాళ రహస్య నేస్తాల పండుగ. హెయ్నర్‌కి జామపండు మిఠాయి పంపాను. ఆటలో పేరు రాయకూడదు. రాశాను.

నీ అత్త, ఒబ్దూలియా.