మందు అన్న ఒక్క మాట

మంగళవారం, సిరిసిల్ల

బట్ట నేసే సాంచా నడుపుడు బందువెట్టి, దిగులు రోగంతోని పది రోజులు దవాఖానల ఉన్నడు మా ఆయన. ఆ బిల్లు ఇయ్యలేమని ఇయ్యాల ఇన్సూరెన్సోళ్ల కాయిదం వచ్చింది. తాగుడు అలవాటుందట! జన్మల చుక్క ముట్టని మనిషికి.

తప్పు నాదే. మొన్న వాళ్లు ఫోన్ల "మీ ఆయన మందు తీసుకుంటారా?" అని అడిగితే, డాక్టరు రాసిన గోళీల ముచ్చటే అనుకున్న. "రోజూ రాత్రి నేనే ఇస్త, ఒక్కనాడు గూడ తప్పనియ్య" అని గొప్పగ చెప్పిన.

మనసు రోగానికి గూడ బిల్లు ఇయ్యాలెనని చట్టమున్నదట, మళ్ల అర్జీ పెట్టుమన్నడు డాక్టరు. పెడ్త. మరి నిజంగ తాగెటోళ్ల పెండ్లాలు ఏం జేయాలె? అది రోగం కాదా?

ఇప్పుడే గోళీ, నీళ్లు తీస్కపోయిన. ఆయన గోడ దిక్కు తిరిగిండు.

"వద్దు. మళ్ల ఫోన్ జేస్తే, మందు మానేసిండని చెప్పు."