దర్జీ చెప్పని మాట

మార్చి 4

జర్నల్లో నా వ్యాసం వచ్చింది. ఎన్నిసార్లు పంపినా తిప్పికొట్టిన ఆ రివ్యూయర్ చివరికి మెత్తబడ్డాడు. పాత మార్కెట్ తగలబడటం ప్రమాదం కాదు, ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ లేవడానికి అడ్డు తొలగించిన పని అని నా వాదన. నగరంలో మంట కూడా ఒక పాలసీయే అని చివరి వాక్యం. ఆ వాక్యం తట్టిన రోజు నాకు ఆకలి కూడా వెయ్యలేదు.

వదినకు చూపించాను. పేజీలు తిరగేసి, ఇందులో ఒక్క బొమ్మా లేదేంటి అంది. దీన్ని ఎంతమంది చదువుతారని అడిగింది. మహా అయితే ఓ నలభై మంది అన్నాను. ఆ మాత్రానికి ఇలా చీపురుపుల్లలా అయిపోవాలా అంది. అన్నయ్య నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది కానీ ఊరుకున్నాను. ఈ ఒక్క రోజూ నేను ఎవరినీ తిట్టదలుచుకోలేదు.

మార్చి 5

నాకు మార్కెట్ కథ చెప్పింది నిమ్మకాయలామె. ఆ తెల్లవారుజామున కార్పొరేటర్ తమ్ముడు పెట్రోలు డబ్బాలతో వెనక గేటు దగ్గర వ్యాను దిగడం ఆమె కళ్ళారా చూసింది. అప్పటికి లోపల ఆమె మొగుడు బస్తాల మీద నిద్రపోతున్నాడు. బయటికి తెచ్చేసరికి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని చిన్నపిల్లాడంత అయిపోయాడట. ఇది చెబుతున్నంతసేపూ ఆమె నిమ్మకాయలు గుడ్డతో తుడుస్తూనే ఉంది. పోలీసులు మాత్రం షార్ట్ సర్క్యూట్ అన్నారు. ఎంక్వైరీ ఇంకా నడుస్తోంది.

మా పరిశోధకులకో పద్ధతి ఉంది. మాట చెప్పిన మనిషి ఎవరో చదివేవాడికి తెలియకూడదు. పేరు మారిస్తే చాలదు, ఆనవాళ్ళే మార్చాలి. అందుకని ఆడమనిషిని మగమనిషిని చేశాను. నిమ్మకాయల బుట్ట తీసేసి చేతికి కత్తెర ఇచ్చాను. వ్యాసంలో ఆమె 'మార్కెట్ వెనక కొట్టున్న ఒక దర్జీ'. మా గైడు సారు మురిసిపోయి, ఎథిక్స్ కమిటీకి దీన్ని మోడల్‌గా చూపిస్తానన్నాడు.

మార్చి 17, ఆదివారం

పేపర్లో పడ్డాను. సగం పేజీ. నా ఫొటోలో ముక్కు వంకరగా ఉంది. రిపోర్టరు ఫోన్ చేసినప్పుడు గంటసేపు ఉపన్యాసం దంచాను, అతను అందులోంచి ఒక్క ముక్క పట్టుకున్నాడు. హెడ్డింగ్: మంట పెట్టిందెవరో దర్జీకి తెలుసు.

హెడ్డింగ్ నాకు నచ్చలేదు. అయినా కాపీలు కొని దాచుకున్నాను. వదిన పై అంతస్తు నుంచి కింది దాకా అందరికీ చూపించి వచ్చింది.

మార్చి 18, మధ్యాహ్నం

దర్జీని కొట్టారు.

మార్కెట్ వెనక నిజంగానే ఒక దర్జీ ఉన్నాడు. మంటల తర్వాత కొట్టు మూసి ఊరొదిలి పోయాడు. అందుకే ఆ పని ఎంచుకున్నాను, ఎవరికీ తగలదని. ఆయన తిరిగొచ్చి అదే కొట్టు తెరిచాడట. నేను పోయి చూసుకోలేదు. వ్యాసం రాసినన్నాళ్ళూ లైబ్రరీలో ఏసీ కింద కూర్చుని వీధుల గురించి రాశాను.

పట్టపగలే వచ్చారు. కార్పొరేటర్ తమ్ముడూ, వాడి వెంట ముగ్గురూ. షట్టరు సగం దించి, మిషను బల్ల మీద ఆయన కుడిచెయ్యి పెట్టించి, ఇనుప ఇస్త్రీపెట్టెతో మోదారు. ఎవరికి చెప్పావురా అని అడగడం, నాకేం తెలీదయ్యా అని ఆయన ఏడవడం, మళ్ళీ మోదడం. కుడుతున్న చొక్కా ఎవరిదోగానీ నానిపోయిందట. పక్క కొట్లవాళ్ళు షట్టర్లు దించుకుని లోపల కూర్చున్నారు. నాకీ సంగతంతా చెప్పిన టీకొట్టతను తనూ దించుకున్నానని చెప్పాడు.



అదే రోజు, సాయంత్రం

సారుకు ఫోన్ చేశాను.  అంతా విని, ఎవరికీ ఏమీ రాసివ్వకు అన్నాడు. పెట్టేసే ముందు, దీని మీద ఒక పేపరు రాయొచ్చు తెలుసా అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు, ఇదే.

మార్చి 20

ఆస్పత్రికి వెళ్ళాను. రెండు వేళ్ళు తీసేశారు. మిగిలినవి ఉన్నా లేనట్టే. దర్జీ భార్య నన్ను ఫొటోలో చూసింది కాబట్టి గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాను. కుర్చీ తుడిచి వేసింది. ఆ కుర్చీలో కూర్చోవడం కన్నా చెంపదెబ్బ నయం.

ఆయన మత్తులో ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. మంటలప్పుడు తను మామగారింట్లో ఉన్నానని, ఏమీ చూడలేదని, దేవుడి మీద ఒట్టని నాకే సంజాయిషీ చెప్పుకున్నాడు. చివరికి, ఇంతకీ నేనేం చెప్పానమ్మా అని అడిగాడు. తెలిస్తే వాళ్ళకి చెప్పేసేవాణ్ణి కదా అన్నాడు.

ఎడమచెయ్యి కోసం ఈ వారంలోనే మళ్ళీ వస్తామని చెప్పి పోయారట. ఆయన భార్య నన్ను వరండాలోకి లాక్కెళ్ళి, మా ఆయన కాదని ఒక్క మాట పేపర్లో వేయించండి మేడం, మీకు పుణ్యముంటుంది అంది. కాదంటే, మరి ఎవరు అంటారు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. చూస్తానని చెప్పి వచ్చేశాను. పెద్ద పెద్ద ఆఫీసుల్లో నన్ను తిప్పిన గుమాస్తాలందరూ అన్న మాటే, చూస్తాను.

మార్చి 21

నిమ్మకాయలామె దగ్గర బుట్ట పక్కనే కూలబడ్డాను. విషయం ఆమెకు ముందే తెలుసు. నా పేరు చెప్పెయ్, అంతే కదా అంది. చంపేస్తారక్కా అన్నాను. సగం చచ్చినదాన్ని, మిగతా సగానికి వాళ్ళకెంత సేపు పడుతుందిలే అంది. బేరానికొచ్చిన మనిషికి చిన్న కత్తితో ఒక కాయ కోసి రసం చూపించి, మళ్ళీ నావైపు తిరిగింది. అసలు నన్ను దాచమని నేనడిగానా అంది.

మా రూలు అది అన్నాను.

పోయి ఆ రూలు దర్జీ వేళ్ళకి చెప్పు అంది.

మార్చి 22

కార్పొరేటర్ కబురు పెట్టాడు. వెళ్ళాను. వెళ్ళకపోతే ఇంటికొస్తారని అన్నయ్య భయపడ్డాడు. నాకూ భయంగానే ఉంది, కానీ కొంచెం బుద్ధి లేనితనం కూడా ఉంది. నా వ్యాసంలో ఆ మనిషి గురించి అన్ని పేజీలు రాశాను, ఎదురుగా ఎప్పుడూ చూడలేదు.

చాలా మర్యాదస్తుడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. నువ్వు నాకు చెల్లెలి లాంటిదానివమ్మా అన్నాడు. తమ్ముడు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. అన్న మాట్లాడుతుంటే వీడు నా జడ తీసుకుని నెమ్మదిగా పిడికిలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో చుట్టుకీ నా తల కాస్త వెనక్కి పోయింది. చివరికి సీలింగు తప్ప ఏమీ కనిపించలేదు. చెల్లెమ్మా, ఒక్కటే అడుగుతున్నా అన్నాడు అన్న. నీ వ్యాసంలోని దర్జీ అనేవాడు నిజంగా ఉన్నాడా లేడా? ఉంటే మేం వెతుక్కుంటాం, మార్కెట్లో ఒక్కొక్కరినీ అడుగుతాం. లేడంటే లేడని రాసివ్వు, అందరం హాయిగా ఉంటాం.

సీలింగు మీద ఫ్యాను తిరుగుతోంది. ఒక రెక్క మీద బల్లి ఉందేమో అనుకున్నాను. లేదు, మచ్చ. అంత తీరిగ్గా చూశాను.

మార్చి 23

రాసిచ్చాను.

మార్చి 24

ఏం రాసిచ్చానో ఇక్కడైనా పెట్టాలి. మా చదువులో 'కాంపోజిట్' అని ఒకటుంది. పదిమంది చెప్పింది కలిపి ఒక మనిషిగా రాయడం. తప్పు కాదు, చాలామంది చేస్తారు. వ్యాసంలోని దర్జీ నిజమైన వ్యక్తి కాడు, కాంపోజిట్, అతని మాటల్ని సాక్ష్యంగా తీసుకోరాదు అని జర్నల్‌కు రాశాను, కాపీ కార్పొరేటర్‌కు. పచ్చి అబద్ధం. సారు చదివి, నీట్‌గా ఉంది అన్నాడు.

దర్జీ జోలికి ఇక ఎవరూ రారని కార్పొరేటర్ మనిషి చెప్పి పోయాడు. ఆ ముక్క కూడా రాసుకోవాలి. ఎడమచెయ్యి మిగిలింది.

ఏప్రిల్ 2

ఎంక్వైరీ మూసేశారు. షార్ట్ సర్క్యూట్. యూనివర్సిటీవాళ్ళే సాక్షి లేడని ఒప్పుకున్నారని కార్పొరేటర్ లాయరు నా ఉత్తరం చదివి వినిపించాడట. పేపర్లో వేశారు. ఈసారి నా ఫొటో లేదు.

మధ్యాహ్నం క్లాసులో ఉన్నాను. మున్సిపాలిటీల మీద పాఠం చెబుతున్నాను. తలుపు తోసుకుని నిమ్మకాయలామె వచ్చింది. పిల్లలు ఎవరో పనిమనిషి అనుకుని జరిగారు. నేరుగా వచ్చి చెంప పగలగొట్టింది. చెవిలో హోరు. రెండోది కూడా కొట్టింది. పెదవి పళ్ళకు తగిలి చీరుకుపోయింది.

పదిమందిని కలిపి ఒక దర్జీని చేశావట కదా అంది. మరి కాలిపోయిన నా మొగుడు ఎంతమందిని కలిపితే అయ్యాడో అదీ రాయవే అంది. నన్ను 'వే' అనడం అదే మొదలు. పిల్లలు వీడియో తీశారు. సెక్యూరిటీ అతను ఆమె రెక్క పట్టుకుంటే, వదలండి, నాకు కావలసిన మనిషే అన్నాను. నోట్లోంచి రక్తంతో పాటు వచ్చింది కాబట్టి ఎవరికీ అర్థమైనట్టు లేదు.

ఏప్రిల్ 3

వదిన పెదవికి మందు రాస్తూ, దెబ్బ బాగానే పడిందే అంది. 

ఏప్రిల్ 11



కాంప్లెక్స్‌కి శంకుస్థాపన. కాలిన గోడలు పడగొట్టి నేల చదును చేశారు, మీద షామియానా. నేను టీకొట్టు దగ్గర నిలబడ్డాను. ఎందుకొచ్చానో నాకే తెలియదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని అన్నయ్య పొద్దున్నే కసిరాడు. కానీ ఇక్కడ కందా నేనే, కత్తిపీటా నేనే.

కార్పొరేటర్ మైకులో మాట్లాడుతున్నాడు. తమ్ముడు వేదిక మెట్ల దగ్గర దండలు అందుకుంటున్నాడు. నిమ్మకాయలామె బుట్టతో వచ్చింది. ఎప్పుడూ అక్కడే అమ్ముకునే మనిషి, ఎవరాపుతారు? వాడికి ఒక నిమ్మకాయ ఇచ్చింది. వాడు నవ్వి అందుకున్నాడు. కాయలు కోసే ఆ చిన్న కత్తితో వాడి మెడ కింద పొడిచింది. తీసి మళ్ళీ పొడిచింది. చప్పుడేమీ లేదు. వాడు కాయ పట్టుకునే కూర్చుండిపోయాడు, దండలన్నీ తడిసిపోయాయి. మైకు ఇంకా అభివృద్ధి గురించే మాట్లాడుతోంది.

తర్వాత అందరూ ఆమె మీద పడ్డారు. కుర్చీలతో కొట్టారు. ఒకడు బూటుకాలితో ఆమె చెయ్యి తొక్కి కత్తి లాక్కున్నాడు. జుట్టు పట్టుకుని ఈడ్చారు. నిమ్మకాయలు జనం కాళ్ళ కింద నలిగి ఆ వాసన నా దాకా వచ్చింది. ఆమె ఒక్కసారి కూడా అరవలేదు. నేనూ అరవలేదు. ఆపండి అని అరవొచ్చు. నోరుంది. పాఠాలు చెప్పే నోరు.

ఇంకొకటి. వాడు కూలినప్పుడు నాకు సంతోషమేసింది. నా జడ చుట్టుకున్న చెయ్యి నేల మీద కొట్టుకుంటుంటే కళ్ళు తిప్పుకోకుండా చూశాను.

ఏప్రిల్ 12

కార్పొరేటర్ తమ్ముడు పోయాడు.

జూన్ 6

కార్పొరేటర్ పలుకుబడితో కేసు తొందరగా విచారణకొచ్చింది. నిమ్మకాయలామె తరఫు లాయరు వచ్చింది. చిన్నపిల్ల, నా స్టూడెంటులా ఉంది. ప్రాసిక్యూషన్ వాళ్ళు ఆమెది పగ కూడా కాదు, మంట సంగతంతా కట్టుకథ అంటున్నారట. మంట పెట్టినవాణ్ణి చూశానని ఆమె అంటే, మార్కెట్లో ఏ ఒక్కరూ అవునని అనడం లేదట. హత్యకు చాలా ముందే ఆమె ఆ మాట చెప్పిందని చెప్పగలిగేది మీరొక్కరే అంది. మీ ఉత్తరం వాళ్ళ దగ్గరుంది, అది కూడా తీస్తారు అని నిదానంగా చెప్పింది.

సారును కలిశాను. మంచి దారే చూపించాడు. చెప్పినవాళ్ళ వివరాలు బయటపెట్టబోమని మేం సంతకం చేస్తాం కదా, ఎథిక్స్ అడ్డొస్తోందని కోర్టుకు రాసి తప్పుకోవచ్చట. డిగ్రీ నిలబడుతుంది, ఉద్యోగం నిలబడుతుంది, ప్రాణం కూడా. ఎథిక్స్ ఇంత ఉపయోగపడుతుందని చదువుకునేటప్పుడు తెలియలేదు.

జైలుకు వెళ్ళాను. ఆమె నన్ను చూడనని చెప్పి పంపింది.

జూన్ 7

సాక్ష్యం చెప్పడానికి వెళ్ళొద్దన్నాడు అన్నయ్య. రాత్రి భోజనాల దగ్గర గిన్నె విసిరికొట్టాడు. చిన్నప్పటినుంచీ నా మీద చెయ్యెత్తని మనిషి, ఎత్తి మళ్ళీ దించుకున్నాడు. వదిన గిన్నె ఏరుతూ, వెళ్తే వాళ్ళు దీన్ని బతకనివ్వరు, వెళ్ళకపోతే ఇది మనల్ని బతకనివ్వదు, ఏది మేలో మీరే చూసుకోండి అంది.

జూన్ 18

రేపు.

జూన్ 19

చెప్పాను. పెట్రోలు డబ్బాలు, వెనక గేటు, ఆమె మొగుడు, అన్నీ. ఆమె బోనులో నేల చూస్తూ నిలబడింది. అవతలి లాయరు నా ఉత్తరం పైకెత్తి, మరి ఆనాడు అబద్ధమెందుకు రాసిచ్చారని అడిగాడు.

భయమేసింది అన్నాను.

జడ్జి వినపడలేదన్నాడు. గట్టిగా చెప్పమన్నాడు.

గట్టిగా చెప్పాను.