పందొమ్మిదో నంబరు బిళ్ల

జనవరి 5, ఆదివారం

మూడు వారాల తర్వాత మళ్లీ దువ్వాడ వెనక కొండెక్కాను. గెడ్డలోంచి, ఆ వాగు వెంట పైకి, కొండ నెత్తిన నాలుగు కిలోమీటర్లు, చుట్టూ తిరిగి మళ్లీ చలమయ్య టీకొట్టుకి. మొత్తం పద్నాలుగు. మోకాళ్లు ఏడుస్తాయి. నాతో పరిగెత్తే జలీల్ మాత్రం ఎక్కుతూ కబుర్లు చెప్పేవాడు.

ఈ రోజు గెడ్డలో నా వెనక అడుగుల చప్పుడు. ఆగితే ఆగింది. ఎకో అని తెలుసు. అయినా వెనక్కి చూడలేదు.

జనవరి 8

మా రన్నింగ్ గ్రూప్‌కి పెద్ద గంగాధరరావు గారు. స్టీల్ ప్లాంట్ సేఫ్టీ విభాగంలో రిటైరయ్యారు కాబట్టి కొండకీ టోకెన్ సిస్టమ్ పెట్టారు. ఎక్కేముందు మన నంబరున్న ఇత్తడి బిళ్ల టీకొట్టు గోడ మీది మేకుకి తగిలించాలి, దిగాక తీసుకోవాలి. బిళ్ల మిగిలితే మనిషింకా కొండ మీదున్నట్టు. వెతకాలి.

ఈ రోజు కలిసి మళ్లీ అదే అన్నారు. జలీల్ బిళ్ల వాడి జేబులోనే దొరికింది, అంటే ఒకసారి దిగాడు, మళ్లీ ఒంటరిగా ఎక్కి పడి చనిపోయాడు, ఎందుకెక్కాడో అర్థం కావటం లేదని. నేను తలూపాను.

జనవరి 12, ఆదివారం, ఉదయం 7:50

దిగాక నా 18 నంబరు బిళ్ల తీశాను. చెయ్యి దానంతటదే పక్క మేకు మీదికి వెళ్లింది. ఖాళీ మేకు. ఏటి బాబూ ఎతుకుతన్నావు అన్నాడు చలమయ్య. ఏం లేదన్నాను.

జనవరి 13

రాయలేను.

జనవరి 17

జలీల్ భార్య గౌసియా ఫోన్ చేసింది. ఆ రోజు పొద్దున్నే గొడవపడ్డారట. ఎల్తే ఎల్లు, మళ్లీ ఇంటికి రాకు అని తనే అందట. అందుకే దిగిన మనిషి మళ్లీ కొండెక్కీసారు శంకర్ భయ్యా, నానే సంపీసాను అని ఏడ్చింది. ఊరుకోమన్నాను. ఊరుకోమనటానికి నాకు నోరెలా వచ్చిందో.

జనవరి 18

రాసేస్తాను. బిళ్ల తీసింది నేను.

ఆదివారం తొమ్మిదికల్లా ఓల్డ్ టౌన్‌లో తన తాళాల కొట్టు తెరవాలని జలీల్ కొండ నెత్తి చివర అడ్డదారి పట్టి హైవేకి దిగి, ఆటోలో ఇంటికి పోయేవాడు. బావా, నా బిళ్ల కూడా తీసీ అని ఎప్పుడో ఒకసారి అన్నాడు. ఆ తర్వాత అడగక్కర్లేకుండానే తీసేవాణ్ణి. మా ప్లాంట్ షిఫ్ట్‌లో ఒకరికొకరం చేసుకునే సాయం లాంటిదే కదా. డిసెంబరు 15న కూడా నా 18తో పాటు వాడి 19 తీసి జేబులో వేసుకున్నాను. వాడు క్షేమంగా దిగాడో లేదో చూడలేదు.

సాయంత్రం గౌసియా, ఆయనింకా రాలేదని ఫోన్ చేసింది. గంగాధరరావు గారు మేకులు చూసి, దిగిపోయాడు, కొండ మీద లేడన్నారు. అప్పుడే నోరు విప్పాల్సింది. ఎక్కడో తిరుగుతుంటాడులే అనుకున్నాను. అబద్ధం. భయపడ్డాను. బీచ్, స్టేషన్లు, చుట్టాలిళ్లు వెతికాం. కొండ తప్ప.

సోమవారం మేకలు కాసేవాళ్లకి అడ్డదారి మొదట్లో, రాళ్ల దిగువన పడి కనిపించాడు. తల పగిలింది. ఆదివారం రాత్రి దాకా బతికే ఉండి ఉంటాడని డాక్టర్ అన్నాడు.

రాత్రి దాకా.

కిందికి మోసుకొచ్చేటప్పుడు భుజాల దగ్గర పట్టుకుంది నేనే. వాడే తీసుకున్నట్టుండాలని ఆ బిళ్ల వాడి జేబులో పెట్టిందీ నేనే. ఇప్పటికీ ఆ చెయ్యి సబ్బుతో కడుగుతూనే ఉన్నాను.

జనవరి 19, ఆదివారం

గెడ్డ దాటాక అడుగులు నన్ను దాటి ముందుకెళ్లాయి. అడ్డదారి దగ్గర ఆగాయి. నేనూ ఆగాను. కింద హైవే మీద లారీలు కనిపిస్తున్నాయి. ఇరవై నిమిషాల దారి.

ఎకో ముందుకెళ్లదు.

జనవరి 24

జలీల్ పోయిన నలభయ్యో రోజు. భోజనాలయ్యాక గౌసియాతో మాట్లాడాలని ఆమె తమ్ముడు రఫీని అడిగాను. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, పరాయి మగవాళ్లకి కనిపించదు. పరదా అవతల కూర్చుంది. అంతా చెప్పాను. జేబు సంగతి కూడా.



అయితే ఆయన మళ్లీ కొండెక్కలేదా, ఇంటికే వస్తన్నారా అని అడిగింది. అవునన్నాను. ఇంటికే వస్తన్నారంట అని రఫీకి చెప్పింది. లోపల కూతుర్ని పిలిచి మళ్లీ చెప్పింది.

రఫీ లేచి వీధి తలుపు తీసి పట్టుకున్నాడు.